నీళ్లు లేవన్న మిషన్: సగం సగం వెతికే పద్ధతి చరిత్ర, మన సవర మాటల జాబితా

కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన వేసవిలో మేం నలుగురం నరసన్నపేటలో అద్దెగదిలో కూర్చుని ఒక చిన్న పని మొదలుపెట్టాం. తెలుగు మాట ఇస్తే దానికి సవర మాట చూపించే ప్రోగ్రాం. సీ భాషలో రాశాం. యాప్ కాదు, బొమ్మలూ రంగులూ లేవు. నల్ల స్క్రీన్ మీద తెలుగు ఒత్తులు సరిగా కలవవు కాబట్టి, వెతకాల్సిన మాట ఒక ఫైల్లో పెడితే జవాబు ఇంకో ఫైల్లో పడేలా చేసుకున్నాం. మాటలు మాత్రం మనవే. సీతంపేట వైపు కొండల మీద ఊళ్లలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని మూడు నోటుపుస్తకాల్లో రాసుకొచ్చినవి, సుమారు 1,200. ముగ్గురం పంచుకుని టైప్ చేశాం. మా నాలుగోవాడు జాతాపు, వాడికి సవర రాదు. అందుకని వాడి చేతే మొదటి పరీక్ష పెట్టించాం.

వాడు అడిగిన మొదటి మాట నీళ్లు. జవాబు: లేదు.

నవ్వుకున్నాం. ఎవడో టైప్ చేయడం మర్చిపోయి ఉంటాడులే అని ఒకరి మీద ఒకరం వేసుకున్నాం. ఇంకో వంద మాటలు అడిగి చూస్తే పళ్లెం లేదంది, కళ్లు లేదంది, ముళ్లు లేదంది. పెళ్లి మాత్రం ఉందంది. ఆ లేవన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పండక్కి ఊరెళ్లినప్పుడు మళ్లీ అడిగాం. మా అమ్మమ్మ వరసావిడ చింతపండు గింజలు తీస్తూ మా మొహాలు చూసి, "ఏటిరా గుంటలూ, మొన్ననే కదా సెప్పినాను. డాఅ కూడా మర్సిపోయారేటి?" అంది. ఆవిడ చెప్పింది నిజమే. నోటుపుస్తకం మొదటి పేజీలోనే ఉంది. గదికొచ్చి ఫైల్ తెరిచి కళ్లతో చూస్తే ఫైల్లోనూ ఉంది. ఉన్నదాన్ని మిషన్ లేదంది. మేం మిషన్‌ని నమ్మి, ముసలావిడని రెండోసారి అడగడానికి వెళ్లాం.

ఇది ఊరికే నవ్వుకునే విషయం కాదు. ఆ లేవన్న మాటల్లో కొన్ని ఒక పెద్దాయన చెప్పినవి. ఆయన ఈ మధ్యే పోయాడు. టైప్ అయిపోయింది కదా అని నోటుపుస్తకాలు పారేసి ఉంటే, రేపు మన తర్వాతివాళ్లు ఆ ప్రోగ్రాంని అడిగి, ఈ మాట సవరలో లేదనుకుని తెలుగు మాటే వాడేసేవాళ్లు. అందుకే తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతూ పోయాం. పోతే పోతే అది చాలా దూరం తీసుకెళ్లింది.

మేం వాడిన పద్ధతి పేరు బైనరీ సెర్చ్. డిగ్రీలో కంప్యూటర్ తీసుకున్న ప్రతివాడూ రికార్డులో రాసేదే. మిగతావాళ్ల కోసం చెబుతాం. నిఘంటువులో మాట వెతకాలంటే మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటీ చదవం కదా. మధ్యలో తెరుస్తాం. మనకు కావాల్సిన మాట దానికంటే ముందు వచ్చేదైతే కుడిసగం వదిలేస్తాం, తర్వాత వచ్చేదైతే ఎడమసగం వదిలేస్తాం. మిగిలిన సగంలో మళ్లీ మధ్యకు. 1,200 మాటలుంటే గట్టిగా 11 సార్లు చూస్తే చాలు. 10 లక్షలున్నా 20 సార్లే. వరసగా చూసుకుంటూ పోతే 10 లక్షల్లో చివరిదానికి 10 లక్షల సార్లూ చూడాలి. అంత తేడా. కాకపోతే ఒకే ఒక్క షరతు ఉంది, జాబితా ముందే వరసలో ఉండాలి. ఈ ఒక్క షరతే మమ్మల్ని కొండెక్కించింది.

వరసలో పెట్టడం అనేది మనకు పుట్టుకతో వచ్చిన విద్యలా అనిపిస్తుంది కానీ కాదు. అంకెలను వరసలో పెట్టడం పాతదే. క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలో ఇప్పటి ఇరాక్‌లోని ఉరుక్ అనే ఊళ్లో మట్టిపలకల మీద కొన్ని వందల అంకెలను, వాటి విలోమాలను వరసలో చెక్కి పెట్టుకున్నారు. మాటలను అక్షరాల వరసలో పెట్టడం మాత్రం మనుషులకు చాలా ఆలస్యంగా అలవాటైంది. 1286లో ఇటలీలో జొవాన్నీ బాల్బి అనే మతగురువు ఒక పెద్ద లాటిన్ నిఘంటువు పూర్తిచేశాడు. మొదటి అక్షరం ఒకటే అయితే రెండోది చూడాలి, అదీ ఒకటే అయితే మూడోది చూడాలి అని అందులో ఉదాహరణలు పెట్టి మరీ పాఠకుడికి వివరించాడు. ఇప్పుడు మనకు ఇది చెప్పేదేముంది అనిపిస్తుంది. అప్పుడు చెప్పాల్సి వచ్చింది.

మన వైపు సంగతీ అంతే. సంస్కృతంలో అమరకోశం, తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం లాంటివి అకారాది వరసలో ఉండవు. దేవతలు ఒకచోట, మనుషులు ఒకచోట, చెట్లూ జంతువులూ ఒకచోట, అదీ పద్యాల్లో. కంఠస్థం చేసినవాడికే పనికొస్తాయి. అచ్చు వచ్చాకే అకారాది నిఘంటువులు జనంలోకి వచ్చాయి. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది.

మా అమ్మమ్మ దగ్గర మాటలు రాసుకునేటప్పుడు గమనించాం, ఆవిడకు మాటలు అక్షరాల వరసలో రావు. పని వరసలో వస్తాయి. పోడు గురించి అడిగితే నరికే కత్తి దగ్గర మొదలెట్టి, కాల్చడం, విత్తడం, పిట్టలను తోలడం, కోయడం, చివరికి కొత్తల పండగ దాకా వరసగా మాటలు దొర్లుతాయి. మధ్యలో ఆపి "క తో ఇంకేం మాటలున్నాయి అమ్మమ్మా" అని అడిగితే తెల్లమొహం వేసింది. ఆవిడ బుర్రలో వరస లేదనుకున్నాం అప్పుడు. ఉంది. మనం అడిగిన వరస కాదది.

ఈ రెండు వరసలనూ మొదటిసారి కలిపినాయన మన పక్కనే పుట్టాడు. గిడుగు వెంకట రామమూర్తి గారు, 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే స్టేజీల మీద ఆయన గురించి చెబుతారు. సవర సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, మాకు అది కొంచెం కష్టంగానే ఉంటుంది. నరసన్నపేట నుంచి పాతపట్నం మీదుగా వెళ్లే రోడ్డు చివర పర్లాకిమిడి ఉంది కదా, అక్కడ రాజావారి బడిలో ఆయన మేష్టారు. చుట్టుపక్కల కొండల నుంచి వచ్చే సవరలను చూసి వాళ్ల మాట నేర్చుకోవాలనుకున్నాడు. సవర, తెలుగు రెండూ వచ్చినవాళ్లను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నాడంటారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1933లో ఇంగ్లిష్-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు వచ్చాయి. మన తాతముత్తాతలు పని వరసలో చెప్పిన మాటలు మొదటిసారి అక్షరాల వరసలోకి ఎక్కింది ఆ పుస్తకాల్లోనే. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం మన ఊళ్లలో ఎవరికీ గుర్తు లేవు.

1938 అని గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఎనిమిదేళ్ల తర్వాత, 1946లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మూర్ స్కూల్ అనే ఇంజినీరింగ్ కాలేజీలో వేసవి ఉపన్యాసాలు జరిగాయి. ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ కట్టిన ఇద్దరిలో ఒకడైన జాన్ మాక్లీ అక్కడ మాట్లాడుతూ, వరసలో ఉన్న జాబితాలో సగం సగం చేసుకుంటూ వెతకొచ్చని చెప్పాడు. కంప్యూటర్ల లోకంలో ఈ పద్ధతి గురించి దొరికే మొదటి ప్రస్తావన అదే.

ఆలోచన అంత తేలిక. ప్రోగ్రాంగా రాయడం దగ్గరే ప్రపంచం అంతా బోల్తాపడింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లపాటు అచ్చయిన పద్ధతులన్నీ జాబితాలో సరిగ్గా 7 గానీ, 15 గానీ, 31 గానీ ఉంటేనే పనిచేసేవి. అంటే రెండు రెట్లు చేసుకుంటూ పోతే వచ్చే అంకెకు ఒకటి తక్కువ. అలాంటప్పుడే ప్రతిసారీ మధ్యది కచ్చితంగా మధ్యలో వస్తుంది. 1,200 మాటలుంటే ఎలా? జాబితా ఎంత పొడుగున్నా పనిచేసే పద్ధతిని 1960లో డెరిక్ హెన్రీ లెహ్మర్ ప్రకటించాడు. 1962లో హెర్మన్ బాటెన్‌బ్రుక్ ఆల్గాల్ 60 భాష గురించి రాసిన వ్యాసంలో దాన్ని ఆ భాషలోనే రాసి చూపించాడు. ఆల్గాల్ అంటే మన సీ భాషకు తాత వరస. మనిషి చదవగలిగేలా రాసిన ప్రోగ్రాంని కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాం ఒకేసారి మొత్తం మిషన్ భాషలోకి మార్చేసి ఇచ్చే రకం. డొనాల్డ్ నూత్ అనే ఆయన 1973లో తన పెద్ద పుస్తకం మూడో సంపుటంలో ఈ కథంతా తవ్వి లెక్క చెప్పాడు. మొదటి ప్రస్తావన 1946లో, తప్పులేని ప్రోగ్రాం అచ్చయింది 1962లో. పదిలైన్ల ప్రోగ్రాంకి పదహారేళ్లు.

ఇది చదివాక మాకు కొంచెం ధైర్యం వచ్చింది, నిజం చెప్పాలంటే. ల్యాబ్ పరీక్షలో ఈ ప్రోగ్రాం తప్పిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఇది గుర్తుంచుకోండి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ బెంట్లీ పెద్ద పెద్ద కంపెనీల ప్రోగ్రామర్లకు క్లాసులు చెబుతూ, ఇదే ప్రోగ్రాం రాయమని రెండు గంటల టైం ఇచ్చేవాడట. నూటికి తొంభై మంది రాసిందాంట్లో తప్పు దొరికేదని తన పుస్తకంలో రాశాడు. ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు వాళ్లు. 1988లో రిచర్డ్ పాటిస్ అనే మేష్టారు 20 పాఠ్యపుస్తకాలు ముందేసుకుని చూస్తే ఐదింటిలోనే ప్రోగ్రాం సరిగా ఉంది. అంటే పుస్తకం చూసి బట్టీ కొట్టినా తప్పే రాస్తాం.

అసలు కథ 2006లో జరిగింది. జావా భాషతో పాటు వచ్చే బైనరీ సెర్చ్ రాసిన జాషువా బ్లాక్, అందులో తొమ్మిదేళ్లుగా ఒక తప్పు దాక్కుని ఉందని తనే బయటపెట్టాడు. ఈయన బెంట్లీ పాఠం విన్నవాడే. ఆ తప్పు బెంట్లీ పుస్తకంలోని ప్రోగ్రాంలోనూ ఉంది. తప్పున్నది ఎక్కడో కాదు, మనం కళ్లు మూసుకుని రాసే లైన్లో:

మధ్య = (ఎడమ + కుడి) / 2

గణితంలో ఇందులో తప్పేం లేదు. కానీ కంప్యూటర్లో అంకెకు ఒక పెట్టె ఉంటుంది, ఆ పెట్టె నిండిపోతే అంకె తిరగబడి మైనస్‌లోకి పోతుంది. జావాలో ఆ పెట్టెలో పట్టే పెద్ద అంకె 2,147,483,647. జాబితాలో వంద కోట్లకు పైగా ఉంటే ఎడమ, కుడి కలిపేసరికి పెట్టె పొర్లుతుంది. వంద కోట్ల జాబితాలు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

వంద కోట్లు మనకెక్కడివి అనుకుంటారేమో. మాకు 20,000 తోనే కనపడింది. ల్యాబుల్లో ఇంకా టర్బో సీ వాడేవాళ్లుంటారు కదా, దాంట్లో ఇంట్ అనే పెట్టె చిన్నది, 32,767 దాకానే పడుతుంది. ఒకరోజు పంతానికి 20,000 రోల్ నంబర్లతో జాబితా చేసి, చివరి నంబరు వెతికించాం. లెక్క మొదలయ్యేది సున్నా నుంచి కాబట్టి ఎడమ 0, కుడి 19,999. మొదటి మధ్య 9,999. రెండోది 14,999. మూడోసారి ఎడమ 15,000, కుడి 19,999, కలిపితే 34,999. పెట్టె పొర్లింది. అది 34,999 కాస్తా మైనస్ 30,537 అయిపోయింది. దాంట్లో సగం మైనస్ 15,268. అంటే జాబితాలో మైనస్ 15,268వ నంబరు చూపించమని అడిగినట్టు. అది ఏ జ్ఞాపకంలో ఏ చెత్త చూసిందో దానికే తెలియాలి. సిస్టమ్ బిగుసుకుపోయింది, ఆపేసి మళ్లీ ఆన్ చేశాం. మందు తేలికే:

మధ్య = ఎడమ + (కుడి - ఎడమ) / 2

జవాబు అదే వస్తుంది, పెట్టె మాత్రం పొర్లదు. ఇకనుంచి రికార్డులో ఇలాగే రాయండి. పరీక్షలో ఎందుకిలా రాశావని అడిగితే పైన చెప్పిన కథ చెప్పండి.

సరే, మా నీళ్ల తప్పు ఇది కాదు. 1,200 మాటలకు పెట్టె పొర్లదు. మాది అంతకంటే పాత తప్పు, బాల్బి కాలం నాటిది.

జాబితాని మేం బడిలో నేర్చుకున్న వరసలో పెట్టాం. య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. రెండో క్లాసు నుంచి అరిచి అరిచి చదివిన వరస. నోటుపుస్తకం నుంచి చేత్తో సర్దుకుంటూ టైప్ చేశాం. ప్రోగ్రాంలో రెండు మాటల్లో ఏది ముందు అని తేల్చడానికి సీ భాషలో రెడీగా ఉన్న స్ట్రింగ్ పోలిక వాడాం. ఆ పోలికకు మన బడి తెలియదు. దానికి తెలిసింది అంకెలే. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ యూనికోడ్ ఒక నంబరు ఇచ్చింది. తెలుగులో ల నంబరు 3122. దాని పక్కనే ళ, 3123. వ నంబరు 3125. స 3128, హ 3129. చూశారా? బడిలో ళ హ తర్వాత వస్తుంది. మిషన్‌లో ల పక్కన కూర్చుంది. ఱ కూడా అంతే, ర పక్కన 3121లో ఉంది.

ఇప్పుడు ఐదు మాటలు తీసుకోండి, బడి వరసలో: నీడ, నీలం, నీవు, నీసు, నీళ్లు. నీళ్లు వెతకమన్నాం. మిషన్ మధ్యలో ఉన్న నీవు దగ్గర తెరిచింది. ళ నంబరు వ నంబరు కంటే చిన్నది కాబట్టి నీళ్లు ముందే ఉండాలి అని కుడిసగం మొత్తం వదిలేసింది. ఆ వదిలేసిన సగంలోనే నీళ్లు ఉంది. మిగిలినవి నీడ, నీలం. నీడ చూసింది, దీని తర్వాత అనుకుంది. నీలం చూసింది, దీనికీ తర్వాతే అనుకుంది. ఇంకేం మిగల్లేదు. లేదు అని రాసేసింది. మూడు పోలికల్లో, ఏ తడబాటూ లేకుండా.

ప్రోగ్రాంలో ఒక్క లైనూ తప్పు కాదు. జాబితాలో ఒక్క మాటా తప్పు కాదు. కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. రెండింటి వరసలే వేరు. ఇంకా దారుణం ఏమిటంటే ళ ఉన్న మాటలన్నీ పోలేదు. పెళ్లి దొరికింది అన్నాం కదా, అది అదృష్టం. సగం చేసుకుంటూ పోయేటప్పుడు దారి తప్పే మాట కంటే ముందు వేలు తిన్నగా దాని మీదే పడింది. జాబితాలో ఇంకో పది మాటలు చేరిస్తే మధ్యలు మారిపోయి, నిన్న దొరికిన పెళ్లి రేపు దొరకదు. ఇలాంటి తప్పుని పట్టుకోవడం చాలా కష్టం. పరీక్ష చేసినవాడు పెళ్లి ఒక్కటే అడిగి ఊరుకుంటే అంతా బాగుందనుకుంటాడు.

ఇంకో తప్పు కూడా దొరికింది. తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి, గుణింతం గుర్తూ పొల్లూ కూడా విడిగా లెక్కే. పళ్లెం అనేది మన కంటికి రెండక్షరాలు, సున్నాతో కలిపి మూడు అనుకోండి. మిషన్‌కి ఆరు గుర్తులు, 18 బైట్లు. మేం మాటకు 16 బైట్ల పెట్టె ఇచ్చాం. ఇంగ్లిష్ మాటలకు అలవాటైన చెయ్యి కదా.

వరస గొడవకు మందు సీ భాషలోనే ఉంది, చాలా ఏళ్లుగా ఉంది. 1989 నాటి సీ ప్రమాణంలోనే బైనరీ సెర్చ్ రెడీగా ఇచ్చారు. దానికి జాబితా ఇవ్వాలి, వెతకాల్సినది ఇవ్వాలి, వాటితో పాటు రెండింటిలో ఏది ముందో చెప్పే ఫంక్షన్ ఒకటి మనమే రాసి ఇవ్వాలి. అంటే వరస ఏదో అది నిర్ణయించదు, మనల్ని అడుగుతుంది. రికార్డు రాసేటప్పుడు ఆ మూడో సంగతి ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు, చూసి రాసేశాం. ఇప్పుడు ప్రతి తెలుగు అక్షరానికీ బడి వరసలో ఒక నంబరు ఇచ్చి పట్టిక చేసుకున్నాం. పోల్చేది ఆ నంబర్లను. చేత్తో సర్దడం మానేసి, జాబితాని సర్దడానికీ అదే ఫంక్షన్, వెతకడానికీ అదే ఫంక్షన్ ఇచ్చాం. రెండుచోట్లా ఒకటే ఉండాలి, ముఖ్యం అదే. నీళ్లు దొరికింది. పళ్లెం, కళ్లు, ముళ్లు అన్నీ దొరికాయి. తర్వాత ఇంకో పరీక్ష కూడా పెట్టాం. జాబితాలో ఉన్న మొత్తం మాటలను ఒక్కొక్కటిగా ప్రోగ్రాంని అడగడం. ఉన్నదేదైనా లేదంటే ఆగిపోయి అరుస్తుంది. ఇది మొదటే చేసి ఉంటే కొండెక్కే పని లేదు. కాకపోతే అమ్మమ్మ చేతి అంబలి కూడా ఉండేది కాదు.

ఇదంతా తెలుగు నుంచి సవరకు వెతికే సంగతి. తిరగేసి, సవర నుంచి తెలుగుకి వెతకాలంటే ఏ వరస? ఇక్కడ మా నలుగురికీ గొడవ వచ్చింది, ఇంకా తేలలేదు.

డాఅ అనేటప్పుడు మధ్యలో గొంతు ఒక్క క్షణం పట్టేసి వదులుతుంది. ఆ పట్టుకి తెలుగులో అక్షరం లేదు. మా ముగ్గురిలోనే ఒకడు డా అని టైప్ చేశాడు, ఒకడు డాఅ అని, ఇంకొకడు మధ్యలో చిన్న గీత పెట్టాడు. మిషన్‌కి అవి మూడు వేరు వేరు మాటలు. గిడుగు వారు ఈ ఇబ్బంది ముందే గమనించి, నిఘంటువుల్లో సవర మాటలకు ఇంగ్లిష్ అక్షరాల మీద గుర్తులు పెట్టుకుని ధ్వని ప్రకారం రాశారు. మన పిల్లల్లో ఎంతమంది అది చదవగలరు?

ఇక మనకంటూ లిపి లేదా అంటే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది. సవరలు గీతకు రెండు వైపులా మిగిలారు. అదే ఏడాది జూన్‌లో గుణుపురం వైపు మంగెయ్ గొమాంగో అనే ఆయన సొరాంగ్ సొంపెంగ్ లిపిని ప్రకటించాడు. 24 అక్షరాలు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది, అంటే ఇప్పుడు దానిలోని ప్రతి అక్షరానికీ మిషన్ నంబరుంది. దాని వరస చూస్తే మా బుర్ర తిరిగింది. మొదటిది స. తర్వాత త, బ, చ, డ, గ, మ. అచ్చులు చివర్న వస్తాయి. అ అనేది హల్లులన్నీ అయ్యాక గానీ రాదు. మన బడి వరసకు పూర్తిగా తలకిందులు. ఒకే డాఅ గిడుగు పుస్తకంలో ఒకచోట, తెలుగు లిపిలో రాస్తే ఇంకోచోట, సొరాంగ్ సొంపెంగ్‌లో రాస్తే మరోచోట ఉంటుంది.

మాలో ఒకడు తెలుగు వరసే పెడదాం, ఆంధ్రావైపు పిల్లలు చదివేది అదే కదా అంటాడు. ఇంకొకడు మన లిపి ఉండగా ఇంకొకళ్ల వరస ఎందుకు అంటాడు. సీతంపేట వైపు ఆ లిపి చదివేవాళ్లు మాకు చాలా తక్కువమంది తగిలారు, అది కూడా నిజం. సవర రాని మా జాతాపు తమ్ముడు ఒక మాటన్నాడు: "పోలిక ఫంక్షన్ మార్చుకుంటే చాలు కదా, మూడూ పెట్టండి. ఎవడికి కావాల్సింది వాడు ఎంచుకుంటాడు." వాడి మాట నచ్చింది కానీ, మూడు లిపుల్లోనూ 1,200 మాటలు టైప్ చేసేదెవరు? అది తేలేదాకా సవర వైపు మాటలను వరసలో పెట్టలేదు. నోటుపుస్తకంలో చెప్పిన క్రమంలోనే, పోడు మాటలు పోడుతో, పెళ్లి మాటలు పెళ్లితో ఉంచి, మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటి చూసుకుంటూ వెతికిస్తున్నాం. 1,200 కి అది కన్నుమూసి తెరిచేలోపు అయిపోతోంది, నిజానికి ఏ ఇబ్బందీ లేదు. జాబితా లక్ష దాటితే అప్పుడు చూద్దాం.

ఇప్పుడు మీతో పని. మెళియాపుట్టి, మందస, భామిని, కొత్తూరు వైపు సవర మిత్రులు, ఒడిశా వైపు చుట్టాలున్నవాళ్లు, మీ ఇళ్లలో నీళ్లను ఏమంటారో, కుక్కను ఏమంటారో పంపండి. కుక్కను మా వైపు కిన్‌సోద్ అంటారు. గొంతు పట్టే చోట ఎలా రాయాలో తెలియకపోతే రాయొద్దు. పెద్దవాళ్ల చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి పంపండి, టైప్ మేం చేసుకుంటాం. ఎవరు చెప్పారో వాళ్ల పేరు, ఊరు కూడా వాళ్లను అడిగి పంపండి. వాళ్లు ఒప్పుకుంటే మాట పక్కనే రాసి పెడతాం.